రంపం పొట్టు

నిజాం కాలంలో నాంపల్లిలో మోటారు బండ్లు బాగుచేసే ఒక మేస్త్రీ ఉండేవాడు. బండి గేర్ల నూనె దింపితే దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాకే మాట్లాడేవాడు.

అబిడ్స్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర గీచి గీచి బేరమాడానని మురిసిపోతూ, నేను కొన్న పాత పికప్ బండిని అతని ముందు పెట్టాను. వెనక ఇరుసు గేర్ల నూనె దింపి వాసన చూశాడు.

“సేటూ, గిండ్ల రంపం పొట్టు కలిపిన్రు, అరిగిన గేర్ల మోత ఇనపడొద్దని. మస్తు బేరం చేసినవ్!”

నేను బండి తలుపు విసురుగా మూశాను. “వాణ్ణి వదలను.”

“పొట్టు లేని కొత్త నూనె పోస్త. బండి ఊళ పెడ్తది. రోజూ ఆయన దుకాణం ముంగట తిప్పు.”

తిప్పాను. ఆ మోతకు దుకాణానికొచ్చినవాళ్లు చెవులు మూసుకుని మెట్లు దిగిపోయేవారు. పన్నెండో రోజు ఆ వ్యాపారి నేనడిగిన ధరకే తన బండిని తిరిగి కొనుక్కున్నాడు.

ఈ మాట చెబితే మేస్త్రీ నవ్వలేదు. వేళ్లు వాసన చూసుకున్నాడు.

“ఇగ ఇంకొకలకు అమ్మనీకి పొట్టు కలపమని నా కాడికే వస్తడు. రానీ.”