ఒంటరిగా వచ్చినవాళ్ళ కాగితాలు

టైమక్క ఆ ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయింది. ఆ పేరు పెట్టింది వార్డుబాయిలు. రోగిని స్ట్రెచర్ మీద దించగానే అందరూ "ఏమైంది?" అని అడిగితే, ఈవిడ మాత్రం "ఎన్నింటికి మొదలైంది?" అని అడిగేది. ఆవిడ రాసిన టైముకు తిరుగులేదని పెద్ద డాక్టర్లు కూడా ఒప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా పైకి విసుక్కున్నా, లోపల తెగ మురిసిపోయేది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడు నెలకోసారి ఫోన్ చేసి, "బాగున్నావా అక్కా? సరే, ఉంటా మరి" అని ఒక్క ఊపిరిలో ముగించేవాడు. రిటైరయ్యాక నాలుగు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. కుక్కర్ తప్ప ఆ ఇంట్లో గట్టిగా నోరు విప్పేది ఇంకొకటి లేదు. అందుకే పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ కబురు పెట్టినప్పుడు, జీతమెంతని కూడా అడక్కుండా చెప్పులేసుకుని బయల్దేరింది.

డాక్టరమ్మ తేల్చాల్సింది ఒక్కటే. ఛాతీనొప్పితో ఎవరినో వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళకంటే, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఈసీజీ కోసం ఎక్కువసేపు ఎదురుచూశారా? పాత కేసుషీట్లు పద్నాలుగు వందలు తీసిపెట్టింది. ప్రతి షీటునూ ఇద్దరు, ఎవరికి వారు చదివి, వచ్చిన టైమూ ఈసీజీ తీసిన టైమూ ఫారంలో వేయాలి. ఒకరు చదివింది ఇంకొకరికి తెలియకూడదు. నెలాఖరున ఇద్దరి అంకెలూ పోల్చి, కలవనివి ముగ్గురూ కూర్చుని తేల్చాలి.

రెండో మనిషి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్. వరండాకు అటువైపు గది ఆయనది. చాదస్తంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. కేసుల గురించి మాట్లాడుకోవద్దంటే, వీళ్ళు వాన గురించి మాట్లాడుకోవడం కూడా మానేశారు. నూరు షీట్లలో తొంభై ఏడు ఇద్దరికీ ఒకటే వచ్చేవి. రోజంతా తను చదివిందే చదివి, తను అనుకున్నదే అనుకునే మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకు ఎంతమంది పిల్లలో కూడా ఆమెకు తెలియదు.

షీట్లలో అప్పుడప్పుడూ తన రాతే ఎదురయ్యేది. నిమిషాలన్నీ అయిదులూ పదులే. ముందు ప్రాణం సంగతి చూసి, ఊపిరి తీసుకున్నాక గుర్తున్న టైము రాయడం ఆ వార్డులో అందరికీ అలవాటే. అందులో తప్పేం లేదు. ఈసీజీ మిషన్‌లో గడియారానికి అప్పట్లో తిక్క ఎక్కువ కాబట్టి, రెండూ కలవకపోతే నర్సు రాసిందే తీసుకోవాలని డాక్టరమ్మ రూలు పెట్టింది.

ఒక మంగళవారం ఉదయం తొమ్మిది వందల చిల్లర నంబరు షీటు తెరిచింది. యాభై ఆరేళ్ళ మనిషి. వెంట ఎవరూ లేరు. వచ్చింది పదీ పదికి. ఈసీజీ పదీ ఇరవైకి. రాత తనదే. వెనక పిన్ను కొట్టిన ఈసీజీ కాగితం మీద మాత్రం పదీ నలభై ఏడు. పన్నెండు కాకముందే ఆయన పోయాడు.

ఆ రోజు మిషన్ గడియారం సరిగ్గానే ఉంది. ఆమె పెన్ను మూతపెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. రూలు ప్రకారం పది నిమిషాలు వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. ముప్పై ఏడు వేస్తే ఎందుకని అడుగుతారు, టైమక్క అన్న పేరు ఆ పూటతో సరి. భోజనాల వేళ దాకా అలాగే కూర్చుంది. చివరకు ముప్పై ఏడే వేసింది.

నెలాఖరు సమావేశంలో డాక్టరమ్మ ఆ షీటు బయటికి తీసింది. "ఆయన పది వేశారు. మీరు ముప్పై ఏడు. రూలు మీకు తెలుసు కదక్కా?"

టెక్నీషియన్ గొంతు సవరించుకున్నాడు. "మిషన్ గడియారాన్ని నమ్మలేమమ్మా. ఆవిడ అలసటలో రూలు మరిచి అదే వేసుంటారు. పది వేసేద్దాం."

ఆయన ఆ రాత ఎవరిదో గుర్తుపట్టాడని ఆమెకు అర్థమైంది. ఇన్ని నెలల్లో ఆయన తన కోసం ఆడిన మొదటి మాట అదే. దాన్ని పట్టుకుని గట్టెక్కాలని ప్రాణం కొట్టుకుంది.

"గడియారం తప్పు కాదండీ," అంది. "ఆ పదీ ఇరవై నేనే రాశాను. ఆయన పోయాక రాశాను. అబద్ధం అది."

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

"వస్తూనే 'గ్యాసనుకుంటా, తొందరేం లేదమ్మా, ముందు వాళ్ళని చూడండి' అన్నాడు. పక్కన ఒకాయన్ని నలుగురు కొడుకులు తీసుకొచ్చి వార్డంతా గగ్గోలు చేస్తున్నారు. ముందు ఆ పక్కాయన్ని చూశాను. ఇంకొకర్ని చూశాను. అరవనివాళ్ళనే ముందు చూడాలని కొత్త నర్సులకి చెప్పేదాన్ని నేనే."

డాక్టరమ్మ పది కొట్టేసి ముప్పై ఏడు వేసింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయక్కా?"

"నాకు తెలిసి ఇదొక్కటే. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు."

డాక్టరమ్మ తలవంచుకుని ఇంకో షీటు అందుకుంది. టెక్నీషియన్ మాత్రం కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"ఆ ముప్పై ఏడు నిమిషాలూ ఆయన ఏం చేశాడండీ?" అని మెల్లగా అడిగాడు.

"బెంచీ మీద కూర్చున్నాడు. ఒకసారి లేచి నా దగ్గరికి వచ్చాడు. నేను పనిలో ఉన్నానని చూసి, ఏమీ అనకుండా వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు."