చిక్కుడు కొత్తకి నేను పెట్టని రెండో కుండ

చిక్కుడూ... నీతో అనాల్సిన మాట నీతో అనలేకపోయాను. అందుకే ఇక్కడ, నలుగురిలో రాస్తున్నాను. ఫోన్లో తెలుగు రాయడం నువ్వే కదా నేర్పావు. నేను చదివింది నాలుగో తరగతి... తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకుంటారులే.

మా చిన్నప్పుడు... చిక్కుడు కొత్త రోజున పొద్దున్నించీ మా పిల్లల కళ్ళన్నీ పొయ్యి మీదే. పాదు నిండా కాయలు వేలాడుతున్నా, కొత్త పండగ చేసేదాకా ఒక్క గింజ నోట్లో పెట్టకూడదు మా కొండల్లో. ముహూర్తాలు పెట్టే దిసారి మంచి రోజు చూసి చెప్పాలి. ఊరి నడుమ నిసాని రాళ్ళ దగ్గర దేవతకి పెట్టాలి. ఆ తర్వాతే మనుషులకి...

మా నాన్న తల్లిని అవ్వ అనేవాళ్ళం. అడ్డాకులు కడిగి, నేల మీద వరసగా పరిచేది. వంశంలో పుట్టిన అందరికీ తలా ఒక ఆకు. చంటిబిడ్డకీ ఆకే. అనంతగిరి కాఫీ తోటల్లో పనికి పోయి ఇంకా రానివాళ్ళకీ ఆకే... వాళ్ళ వంతు మా పిల్లలకి పండగ.

ఒక ఏడు మా చిన్నాన్న యేసు ప్రార్థనలో చేరాడు. కొత్త రోజున నిసాని దగ్గరకి రాలేదు. ఇంటికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటారో లేదో అన్నట్టు...

అవ్వ తల కూడా ఎత్తలేదు. "నిలబడిపోనావేట్రా? బేగి రా. నీ గింజలు రాళ్ళ కాడ పెట్టనేదు. ఏరే కుండల ఉడికించినాను."

దేవతకి పెట్టింది అతను తినడని ఆవిడకి తెలుసు. అందుకే పొయ్యి మీద రెండో కుండ. పక్కింటావిడ మూతి తిప్పితే, అవ్వ ఆకులో గింజలు వడ్డిస్తూనే అంది... "ఆడు ఎక్కడ పాటలు పాడితే నాకేటి? పులి వంశంల పుట్టినాడు. పిల్లి అయిపోతాడేటి?"

చిన్నాన్న నవ్వుతూ తిన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకుంటూ...

ఈ కథ నా కూతురికి ఎన్నిసార్లు చెప్పానో. కొత్త రోజునే పుట్టింది, అందుకే చిక్కుడు అని పిలుచుకునేవాళ్ళం. మా ఆయనది సూర్య వంశం, దానిదీ అదే. విశాఖలో నర్సు చదువు చదివేది. అక్కడే గదిలో ఉండే స్నేహితులతో ప్రార్థనకి వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు చెప్పే వెళ్ళింది. అప్పుడు నేనేమీ అనలేదు.

తర్వాత సంతలో ఒక మాట విన్నాను. కింద మైదానం నుంచి వచ్చి బట్టలు అమ్మే షావుకారు, ప్రార్థనకి పోయినవాళ్ళు ఇంక మీ జాతి కారు, వాళ్ళని దగ్గరికి రానియ్యకండి అన్నాడు. చదువుకున్నవాడు కదా, నిజమే అనుకున్నాను. ఊరివాళ్ళు కూడా అలాగే అనుకుంటారేమో, నన్నే వేలెత్తి చూపిస్తారేమో అని భయం పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. నాలో నేనే...

కొత్తకి వచ్చింది నా చిక్కుడు. బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, వరసలో కూర్చుంది. నేను మూడు ఆకులే వేశాను. మామగారికి, మా ఆయనకి, నాకు.

"నా ఆకేదే అమ్మా?"

"నీకు మా జాతెందుకే ఇంక? మీ పార్థనోళ్ళ కాడ తిను."

ముందు వేళాకోళం అనుకుని నవ్వింది. నా ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. పొయ్యి వైపు చూసింది. ఒక్కటే కుండ.

"రెండో కుండ పెట్టుంటావనుకున్నానే..." అంది. అంతే. సంచీ తీసుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. మామగారు చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి లేచిపోయారు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. తిన్నావా అమ్మా అని అడిగేది. తిన్నాను అనేదాన్ని. నువ్వు తిన్నావా అని తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు.

వానల్లో దానికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులే...

దాన్ని ఊళ్ళోకి తీసుకొచ్చినప్పుడు ఎవరూ రారనుకున్నాను. పాడెకి మొదట భుజం పెట్టింది మా బావగారే... వంశానికి పెద్ద, నిసాని దగ్గర ముందు నిలబడే మనిషి. ప్రార్థన వాళ్ళు పాట పాడారు. మా వాళ్ళు మా పద్ధతి చేశారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు.

మూడో రోజు బావగారు నా దగ్గరకొచ్చి కూర్చున్నారు. మామగారు చెప్పినట్టున్నారు. కోపంగా కూడా అడగలేదు. "కొత్తకి మన గుంటపిల్లకి ఆకు ఎయ్యనేదటేటమ్మా? ఎవులు ఒద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. అదే నా సిగ్గు.

ఆ షావుకారు నన్నూ నా కూతురినీ కలిపి కొండోళ్ళు అనేవాడు. అలా పిలిచేటప్పుడు ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో అడగలేదు. మాలోంచి తీసెయ్యడానికి మాత్రం ఏ దేవుడో చూశాడు. అతని మాట నమ్మాను. నన్ను పెంచిన అవ్వ మాట మరిచాను. మొక్కేది నా కూతురు ఎంచుకుంది. పుట్టింది మాత్రం నా కడుపునే కదా... అది ఎవరు తీసేస్తే పోతుంది?

మొన్న కొత్తకి రెండో కుండ పెట్టాను. నాలుగో ఆకు వేశాను. పక్కింటి పిల్లలు ఆ వంతు పంచుకు తిన్నారు, అప్పట్లో మేము తిన్నట్టే. కానీ అప్పుడు ఆ ఆకు మనిషి ఎప్పటికైనా వస్తాడని తినేవాళ్ళం...

ఇప్పుడు చాలా ఇళ్ళలో అడ్డాకులు పోయి స్టీలు కంచాలు వచ్చాయి. అందుకు నాకు బాధ లేదు. వరసలో ఒక మనిషి తగ్గకుండా చూసే మా అవ్వలాంటి వాళ్ళు తగ్గిపోయారు... నేనే అలా ఉండలేకపోయాను. మీ ఇళ్ళల్లో రెండో కుండ పెట్టినవాళ్ళు ఉంటే వాళ్ళ గురించి రాయండి, చదువుకుంటాను. ఎవరికైనా ఆకు మానేసి ఉంటే, ఇవాళే పిలవండి.

నా బిడ్డను అడగలేకపోయాను, మిమ్మల్ని అడుగుతున్నాను... తిన్నారా? వేళకి తినండి. కడుపునిండా తినండి.