చీర కింద బూట్లు

ఎనభైల మొదట్లో హనుమకొండలోని ఒక ఆడపిల్లల కాలేజీలో నాకు బోటనీ ట్యూటరుగా ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో నెలలోనే పిల్లలను పాకాల అడవికి తీసుకుపోయి మొక్కలు ఏరించే పని నాకు అప్పగించారు. రోజూ కాలేజీకి వేసుకుపోయే ఎత్తుమడమ చెప్పులతోనే బయలుదేరాను. అడవిలో అరగంట నడిచానో లేదో, ఎడమ చెప్పు పట్టీ తెగింది. రెండూ చేత పట్టుకొని మిగతా దారంతా ఉత్తకాళ్లతో నడిచాను. రేగుముల్లు ఒకటి మడమలో లోతుగా దిగింది. నాలుగు రోజులు కుంటుకుంటూ క్లాసులు చెప్పాను.

ఐదో రోజు మా హెడ్ మేడం పిలిచి, దసరా సెలవులయ్యాక ఇరవై ఇద్దరు పిల్లలతో నీలగిరి కొండలకు పది రోజుల టూరు ఉందనీ, ఆవిడతో పాటు నేనూ రావాలనీ చెప్పారు. నేను సరేనని బయటికి వచ్చి, వరండాలో నిలబడి నా కాళ్ల వంక చూసుకున్నాను. ఈసారి బూట్లు కొనుక్కోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కాలికి సుఖంగా ఉంటే చాలని నేను అనుకోలేదు. చూడటానికి అందంగా కూడా ఉండాలనుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కాలేజీలో పాఠం చెప్పే ఆడవాళ్లు చీరే కట్టాలి, ఆ నియమం టూరులో కూడా తప్పదు. చీర కింద ఎబ్బెట్టుగా కనిపించని బూట్లు ఎక్కడ దొరుకుతాయన్నదే నా సమస్య.

వరంగల్ చౌరస్తాలో ఒక పెద్ద చెప్పుల దుకాణానికి పోయాను. కౌంటరు దగ్గరి మనిషి నా మాట విని అడిగాడు.

"లేడీస్‌కు షూసా? దవాఖానల నర్సువా అమ్మా?"

"కాదు, కాలేజీల చెప్తాన. కొండలెక్కాలె."

అతను నిచ్చెనెక్కి ఒక డబ్బా దించాడు. తెల్లటి కాన్వాస్ బూట్లు. బడి పిల్లలు డ్రిల్లుకు వేసుకునేవి. వేసుకొని అద్దం ముందు నిలబడితే కుచ్చెళ్ల కింద రెండు పెద్ద సబ్బుబిళ్లలు పెట్టుకున్నట్టు ఉంది. తర్వాత మగపిల్లల నల్లబూట్లు తీశాడు. అవి వేళ్ల దగ్గర ఇరుకు, మడమ దగ్గర వదులు. మరో రెండు దుకాణాలు తిరిగినా ఇదే కథ. ఆడవాళ్లు పెళ్లికి పోవడానికి అక్కడ రకరకాల చెప్పులున్నాయి. కొండెక్కడానికి ఏమీ లేవు.

ఆ తర్వాత వారం ఏదో పని మీద హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఒక అద్దాల దుకాణంలో మెరూన్ రంగు బూట్లు కనిపించాయి. ముందువైపు సన్నగా కోసుగా, పక్కన చిన్న బకిల్‌తో ముద్దుగా ఉన్నాయి. వేసుకొని దుకాణంలో పరిచిన తివాచీ మీద నాలుగడుగులు వేశాను. మెత్తగా, హాయిగా ఉన్నాయి. తివాచీ మీద ఏ బూటైనా హాయిగానే ఉంటుందని నాకు తట్టలేదు. పాత చెప్పులు సంచిలో వేసి, కొత్తవాటితోనే బయటికి వచ్చాను.

స్టేషను చేరేసరికి చిటికెన వేళ్లు మండుతున్నాయి. రైల్లో కూర్చోగానే బూట్లు విప్పి సీటు కిందకు తోశాను. వరంగల్లో దిగేముందు మళ్లీ తొడుక్కోబోతే కాళ్లు వాటిలో పట్టలేదు. సంచిలో చెప్పులున్న సంగతి కూడా ఆ నొప్పిలో మరిచిపోయి, బూట్లు చేత పట్టుకొని స్టేషను బయటికి నడిచి రిక్షా ఎక్కాను.

మాది కొత్తవాడ. నాన్న గుంటమగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. అమ్మ వాకిట్లో కూర్చొని నూలు చుట్టేది. నేను రిక్షా దిగడం చూసి అమ్మ చెయ్యి ఆపింది.

"కాళ్లకు తొడుక్కునేటియి చేతుల పట్టుకొని వచ్చినవేంది బిడ్డా?"

నేను అరుగు మీద కూలబడ్డాను. అమ్మ బొబ్బలకు కొబ్బరినూనె రాసి, "రేపు మండి బజారుల చాచా దగ్గరికి పోదాం. మీ నాయిన చెప్పులు ఆయనే చేస్తడు. దుకాణపోళ్లకు నీ కాలు ఏం తెలుస్తది?" అంది.

చాచా దుకాణమంటే రోడ్డు వైపు ఒక చెక్క అరుగు, దాని వెనక పరదా కట్టిన చిన్న ఇల్లు. ఆయనకు అరవై ఏళ్లు ఉంటాయి. కళ్లద్దాలను దారంతో చెవులకు కట్టుకున్నాడు. నేనిచ్చిన మెరూన్ బూటును విల్లులా వంచి చూశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇది చూడనీకి చేసిన షూ బేటీ. నడవనీకి కాదు," అన్నాడు. "నువ్వు ఏడికి పోతవ్? రోజుకు ఎంతసేపు నడుస్తవ్? ఆడ మన్నా, రాయా? వానలుంటయా?"

ఏ దుకాణంలోనూ నన్నెవరూ ఈ ప్రశ్నలు అడగలేదు. నాకు తెలిసినంత వరకు చెప్పి, కొలత తీసుకుంటాడని కాలు అరుగు మీద పెట్టాను. చాచా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆడోళ్ల కాలు నేను ఎన్నడు పట్టి కొలవలే బేటీ. చెప్పులకైతే పాత జత తెస్తరు, దాన్ని చూసి చేస్త. షూకు గట్ల నడవది." ఆయన అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు ఇంట్ల కాగితం మీద గీయుండ్రి. రెండు కాళ్లు గీయాలె, ఒకటి చాలది. పొద్దుగూకే ముందు గీయుండ్రి. దినమంత తిరిగినంక కాలు జర పెరుగుతది. కూసోవద్దు, నిలబడాలె. మళ్ల దారంతోని మూడు చోట్ల చుట్టి ముడేసి తేండ్రి."

మర్నాడు కాలేజీ నుంచి రాగానే అమ్మ నన్ను పాత పేపరు మీద నిలబెట్టింది. పెన్సిల్ పట్టుకొని నా పాదాల చుట్టూ మెల్లగా గీసింది. అమ్మ ఎన్నడూ పలక పట్టలేదు, అయినా గీత ఎక్కడా వణకలేదు. మా ఇంట్లో దారానికి కొదవేముంది? వేళ్ల మొదట్లో ఎర్రనూలు, పాదం నడుమ పచ్చనూలు, మడమ చుట్టూ పసుపునూలు చుట్టి ముడులు వేసింది. తర్వాత వెనక్కి జరిగి కాగితం వంక చూసింది.

"ఎడమకాలు పెద్దగున్నది నీది. మీ నాయిన లెక్కనే."

నాన్న మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే అన్నాడు. "నాది మగ్గం తొక్కి తొక్కి గట్లయింది. దానికేమొచ్చింది?"

కాగితం, దారాలు చూసి చాచా తృప్తిగా తలూపాడు. ఏ రంగు కావాలన్నాడు. మెరూన్ అన్నాను. వానలో తడిస్తే రంగు చీర అంచుకు అంటుతుందన్నాడు. గోధుమరంగుకు ఒప్పుకున్నాను గానీ, ఉత్తగా ఉంటే బాగుండదనీ, ఏదైనా అందం కావాలనీ పట్టుబట్టాను. చాచా తోలుముక్క ఒకటి ముందుకు లాక్కొని, తోలు కుట్టే ఆరెతో ఒక బెజ్జం పొడిచి, దాని చుట్టూ ఆరు పొడిచాడు. చిన్న పువ్వయింది.

"ఇట్ల ముందర మూడు మూడు పూలు. చాలునా?"

"చాలు చాచా."

రెండు వారాలకు బూట్లు తయారయ్యాయి. పొట్టిగా, గుండ్రటి ముక్కుతో, పక్కన ఒక పట్టీతో ఉన్నాయి. కుడికాలు సరిగ్గా కుదిరింది. ఎడమకాలికి పైన బిగువుగా ఉంది. చాచా దాన్ని తడిపి పాదం ఆకారంలో ఉన్న కర్ర ఫర్మాకు తొడిగి, బిగువున్న చోట తోలుముక్క ఒకటి పెట్టి రెండు రోజులు ఉంచాడు. మళ్లీ వేసుకుంటే బిగువు పోయింది.

"ఇప్పుడే ఊరికి పోకు," అన్నాడు. "పది దినాలు ఈడనే నడువు. కాలు, షూ రెండు ఒకదానికొకటి అలవాటు కావాలె."

రోజూ పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట దాకా నడిచి వచ్చేదాన్ని. మొదటి రోజు కుచ్చెళ్లు బూట్లను ముయ్యాలని చీర బాగా కిందికి కట్టుకున్నాను. అది కాళ్లకు అడ్డం పడింది. మూడో రోజుకు చీర నాలుగు వేళ్లు పైకి కట్టేశాను. మా వాడలోని ఒకావిడ నీళ్ల బిందె పట్టుకొని నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"పోలీసుల నౌకరి వచ్చిందా బిడ్డా?"

"లేదత్తా, నడక నేర్చుకుంటాన," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నిజమే కాబోలనుకుంది.

ఒకరోజు వాటితోనే కాలేజీకి పోయాను. మధ్యాహ్నం హెడ్ మేడం తన గదికి పిలిచారు. ఆవిడ మంచి మనిషే, కానీ పద్ధతుల విషయంలో చాలా గట్టి. "చీర కట్టుకొని బూట్లేసుకుంటే పిల్లలు నవ్వుతారమ్మా. క్లాసుకి ఇవి వద్దు," అన్నారు. సరే మేడం అన్నాను. టూరుకు బయలుదేరిన రోజు చెప్పులు వేసుకొని, బూట్లను పేపర్లో చుట్టి, మొక్కలు అదిమిపెట్టే చెక్క ప్రెస్సు పక్కన సర్దుకున్నాను.

మద్రాసు దాకా ఒక రైలు, అక్కణ్నుంచి ఇంకో రైలు, చివరికి కొండ పైకి చిన్న రైలు. కూనూరులో మేము దిగిన సత్రం ముందు పొద్దున్నే మంచు కమ్ముకొని ఉంది. హెడ్ మేడం ఏమన్నా అననీ అనుకొని బూట్లు తొడుక్కున్నాను. పిల్లలు నవ్వలేదు. ఎక్కడ కొన్నారని మాత్రం ముగ్గురు నలుగురు అడిగారు. హెడ్ మేడం ఒకసారి నా కాళ్ల వంక చూసి, గొడుగు తీసుకొని ముందుకు నడిచారు. ఆవిడవి మామూలు తోలుచెప్పులు.

మూడో రోజు అడవిలోకి పోయాం. రాత్రంతా వాన కురిసి దారి నానిపోయి ఉంది. కుళ్లిన ఆకుల మీద అడుగు పడితే చప్పుడు రావడం లేదు. గంట గడిచాక ఒక విషయం గమనించాను. అప్పటిదాకా నేను ఏ అడవిలో నడిచినా నేల వైపే చూస్తూ నడిచాను, అడుగు ఎక్కడ వెయ్యాలా అని. ఆ రోజు తల ఎత్తి నడుస్తున్నాను. చెట్ల కొమ్మల మీద నాచు, దాని మీద పుస్తకాల్లో తప్ప ఎన్నడూ చూడని ఆర్కిడ్లు. పిల్లలకు వాటిని చూపిస్తూ పోతుంటే నాకు కాళ్లున్న సంగతే గుర్తు లేదు. అంత సంతోషంగా నేను అంతకుముందు పాఠం చెప్పలేదు.

మా జట్టులో హసన్‌పర్తి నుంచి వచ్చే రైతుబిడ్డ ఒకతె ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. చెప్పులు చేత పట్టుకొని అందరికన్నా ముందు నడుస్తోంది.

"చెప్పులేసుకో, ముళ్లుంటయ్," అన్నాను.

"చెప్పులుంటే జారుతాంది మేడం. ఉత్తకాలైతే నేలను పట్టుకుంటది."

పాకాలలో దిగిన ముల్లు గుర్తొచ్చి ఇంకేదో చెప్పబోయాను గానీ, ఆ పిల్ల నడక చూశాక మానుకున్నాను.

మధ్యాహ్నం అడవి అంచున ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. బెంచీ మీద కూర్చోగానే ఆ పిల్లే నా కాళ్ల వైపు వంగింది.

"మేడం, మీ పువ్వుల నుంచి ఏదో పాకుతాంది."

చూస్తే జలగ. చాచా పొడిచిన పువ్వు నడిమి బెజ్జంలో సగం బయట, సగం లోపల ఉంది. బూటు విప్పాను. సాక్సు ఎర్రగా తడిసిపోయింది. ఎడమ పాదానికి ఐదు, కుడి పాదానికి మూడు. నొప్పి మాత్రం ఏమీ లేదు. ఆ పిల్ల టీ కొట్టతన్ని సైగలతో ఉప్పు అడిగి తెచ్చి, ఒక్కొక్కదాని మీద చల్లి రాలగొట్టింది. తనకు ఒక్కటి కూడా లేదు. పాకుతుండగానే తెలిసి ఎప్పటికప్పుడు తీసేసిందట.

మిగతా పిల్లలు చుట్టూ మూగి, నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. హెడ్ మేడం వాళ్లను తప్పించుకొని వచ్చి నా ముందు నిలబడ్డారు. ఇప్పుడు తప్పక ఏదో అంటారనుకున్నాను. ఆవిడ నా పక్కన బెంచీ మీద కూర్చొని, చీర కొంచెం పైకి పట్టుకొని, "నాక్కూడా చూడమ్మా," అని ఆ పిల్లతో అన్నారు. ఆవిడ వేళ్ల సందుల్లో రెండున్నాయి. ఇద్దరం పక్కపక్కన కూర్చొని, ఉప్పు రాయించుకుంటూ, టీ తాగాం. ఆ తర్వాత ఆవిడ నా బూట్ల ఊసు ఎత్తలేదు. బాగున్నాయని కూడా ఎన్నడూ అనలేదు.

మిగిలిన రోజులు టీ కొట్టతను చూపించినట్టు సాక్సుల మీద సబ్బు రుద్దుకొని అవే బూట్లతో తిరిగాను. ఒక్క బొబ్బ రాలేదు.

ఊరికి తిరిగివచ్చాక చాచాకు జరిగింది చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు.

"జలగలకు దర్వాజలు చేసిచ్చిన అన్నట్టు," అన్నాడు. బూట్లు రెండు రోజులు ఉంచుకొని, పూల వెనక లోపలివైపు పల్చటి మేకతోలు అతికించి ఇచ్చాడు. "పువ్వు పువ్వే ఉంటది, దర్వాజ బంద్."

ఆ సంవత్సరమే మా పిల్లల్లో నలుగురు తమకూ అలాంటివి కావాలన్నారు. నేనే వాళ్లను మండి బజారుకు వెంటబెట్టుకొని పోయాను. హసన్‌పర్తి పిల్ల మాత్రం రాలేదు. నలుగురిని ఒకేసారి చూసి చాచా తడబడ్డాడు. అందరినీ ఇంటికి పంపి గీసుకొని రమ్మంటే ఒక్కొక్కరు ఒక్కోలా గీస్తారని ఆయన భయం. అప్పుడు పరదా వెనక నుంచి ఆయన కోడలు పిలిచింది. "లోపలికి పంపుండ్రి మామా, నేను తీస్త." ఆ రోజు నుంచి ఆడవాళ్ల కొలతలు ఆవిడే తీసేది. మరుసటి ఏటికల్లా దవాఖాన నర్సులు, బడి పంతులమ్మలు కూడా రాసాగారు. పరదా పక్క గోడకు వరుసగా మేకులు కొట్టి, ఎవరి దారాలు వాళ్ల మేకుకు కోడలు వేలాడదీసేది.

ఆ ఏడు మా టూరు అరకుకు. కొత్త బ్యాచి పిల్లలు లోపల కొలతలిస్తుంటే నేను బయట అరుగు మీద కూర్చున్నాను. చాచా ఎన్నడూ బీదర్ దాటి పోలేదట. తోలు కోస్తూ, కొండ అడవుల్లో నేల ఎట్లా ఉంటుందో, నీలగిరిలో చూసింది చెప్పమని అడిగాడు. చెట్ల గురించి, మంచు గురించి చెప్పబోతే, అది కాదు, కాలి కింద ఎట్లుంటదో చెప్పమన్నాడు. ఆకులు కుళ్లి, పొరలు పొరలుగా పేరుకొని, అడుగేస్తే కొంచెం దిగి మళ్లీ పైకి వస్తుందని చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టి, బొటనవేలితో బూటు అడుగును నొక్కి చూశాడు.

"అయితే అడుగు ఇంక జర పల్చగ చెయ్యొచ్చు," అన్నాడు. "గంత మెత్తటి నేల మీద ఇంత మందం ఎందుకు?"

లోపల నుంచి కోడలు తర్వాతి పిల్లను పిలిచింది.