సూర్యం మాస్టారు మళ్లీ వేసిన లెక్క

మొన్న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పాత పుస్తకాల బండి మీద ఒక సోవియట్ పత్రిక తెలుగు సంచిక కనిపించింది. తెరవగానే నున్నటి కాగితం మీంచి పాత సిరా వాసన ముక్కుకు తగిలింది. ముప్పై ఏళ్ల కిందట పెడనలో మా చేనేత సంఘం గదిలో ప్రతి ఆదివారం పొద్దున అదే వాసన. అక్కడ మాకు కమ్యూనిస్టు పార్టీ రాజకీయ తరగతి చెప్పిన సూర్యం మాస్టారు కళ్లముందు మెదిలారు.

ఆయన బడిపంతులు కాదు, మాలాగే నేతగాడు. పత్రికలు చదివి వినిపించేవారు కనుక మాస్టారయ్యారు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఇరవై రెండేళ్ల వయసులో శాతాలు నేర్పింది ఆయనే. "శాతాల్ని కూడకు నాగేశ్వరా. నిరుడు పెరిగినదాని మీద ఈ ఏడు పెరుగుద్ది. గుణించుకుంటా పో" అనేవారు. పడుగులో పోగులు లెక్కపెట్టడం తప్ప మరో లెక్క ఎరగని నాకు అది కొత్త చూపు.

సోవియట్ ప్రభుత్వం కూలడానికి ముందు ఏడాది, ఆయన దగ్గరున్న పత్రికలు తిరగేసి, అక్కడి బూట్ల ఉత్పత్తి ఏటా ఇంత పెరిగిందన్న శాతాలను వరుసగా గుణించాను. ఆ లెక్కన పన్నెండేళ్లలో జతలు రెట్టింపు దాటాలి. తాజా సంచికలో వాళ్లే అచ్చేసిన సంఖ్య ఆ దరిదాపుల్లో లేదు. పైగా జనం బూట్ల కోసం లైన్లలో నిలబడుతున్నారని ఇంకో పేజీలో ఉంది. తరగతిలో లేచి ఆ మాటే చెప్పాను.

"గుంట మగ్గంలోంచి లేచొచ్చి మాస్కోకి లెక్కలు చెప్తన్నాడ్రోయ్!" అన్నాడు సంఘం కార్యదర్శి వీర్రాజు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు గానీ, "అచ్చుతప్పయ్యుంటది, కూర్చో" అన్నారు. ఆయన నా మాట కొట్టేయడం అదే మొదలు. వారమంతా మనసు బాగాలేదు.

తర్వాతి ఆదివారం ఆయన ఏడాదికొకటి చొప్పున పన్నెండు పాత సంచికలు పట్టుకొచ్చారు. "వీడి లెక్క మళ్లీ వేద్దాం" అని నల్లబల్ల మీద మొదటినుంచి వేశారు. నా సంఖ్యే వచ్చింది.

వీర్రాజు లేచాడు. "జిల్లా పార్టీవాళ్లకి తెలిస్తే మీకీ తరగతి ఉండదు మాస్టారూ. అచ్చుతప్పని ఒక్క ముక్క అనండి, అయిపోద్ది."

"పన్నెండేళ్లూ అచ్చుతప్పేనంటావేటయ్యా? కిందోడు పైవాడికి నచ్చిన అంకె రాశాడు. నేను దాన్ని మీకు చదివి చప్పట్లు కొట్టించాను."

నెల తిరక్కుండా తరగతి వీర్రాజు చేతికి వెళ్లింది. మాస్టారు మాత్రం మానకుండా వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. మరుసటి ఏడాది ఆ దేశం ముక్కలైంది. వీర్రాజు గంటసేపు అమెరికా కుట్ర గురించి మాట్లాడాడు. "కుట్ర ఉండొచ్చు. తెగిన పోగు ముడెయ్యకుండా నేసుకుంటా పోయింది మాత్రం మనోళ్లే" అన్నారు మాస్టారు. మనోళ్లు అనడం ఆయన ఎన్నడూ మానలేదు. పోయేదాకా పార్టీ సభ్యత్వమూ వదల్లేదు.

ఆయన చేసిన పని ఎంత కష్టమైనదో నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆదివారం నా లెక్క తప్పని తేలి ఉంటే ఆయన నమ్మకం చెక్కుచెదరకుండా దక్కేది, తరగతీ దక్కేది. అయినా గుణకారంలో ఒక్క సున్నా అటూ ఇటూ జరపలేదు. ఇప్పుడు నేను విజయవాడలో ఒక బట్టల దుకాణానికి సరుకు అంచనాలు వేస్తుంటాను. నాకు నచ్చని అంకెను ఒకసారే చూస్తాను. సంతోషపెట్టిన అంకె వచ్చిందంటే మాత్రం, కాగితం తిప్పి మొదటినుంచి మళ్లీ వేస్తాను.