మిగిలిన ముక్క

ముదిగుబ్బ దగ్గరి మా పల్లె చర్చిలో ప్రభువు బల్లకు రొట్టె కోసేవాణ్ణి నేనే. యేసు చివరి విందును తలుచుకుని రొట్టె పంచుకునే ఆ బల్ల నెలకోసారి ఉండేది. అందులో పాలుపొందేవాళ్లు ముందురోజు నాకు పేరు చెప్పాలి. ఎన్ని పేర్లుంటే అన్ని ముక్కలు. ప్రార్థించిన రొట్టె మిగలకూడదు, మిగిలితే కోసినవాడే తినాలి. వానల్లేని ఆ ఏళ్లలో గోధుమపిండి దొరకడమే కష్టం, అందుకని నా లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

గుంతకల్లులో రైలు పట్టాల మీద పనిచేసి వచ్చిన ముసలాయన ఒకాయన మా సంఘంలో ఉండేవాడు. గుడి తలుపు పక్కనే ఆయన చోటు. ఎన్నికలప్పుడు, కూలి పెంచాలంటూ ఎర్రజెండా పట్టుకుని మా వీధిలోనే తిరిగాడు. ఆ జెండావాళ్లు దేవుణ్ణి ఒప్పుకోరని విన్నాను. ఆయన గురించి ఇంక తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకున్నాను.

శనివారం పేరు చెప్పడానికి వచ్చాడు.

“నీ పేరు రాసుకోను పెద్దాయనా. ముందు ఆ జెండా పడేసి రా,” అన్నాను.

“ఏమప్పా, నాకు రెండు చేతులుండాయి. ఒకటి కూలి కోసం ఎత్తినా. ఇంగోటి ఆయన ముందర చాపుతాండా. నీకేమి నొప్పి?” నవ్వబోయి దగ్గాడు.

“ఇది నవ్వులాట కాదు.”

“పై నెలకన్నా రాయప్పా. ఈ దగ్గు నన్ను శానా దినాలు ఉండనిచ్చేట్టు లేదు. బల్ల ముట్టకుండా పోవాలంటే భయమైతాంది.”

రాయలేదు. మరునాడు పళ్లెం తనను దాటి పోతుంటే ఆయన దానివంకే చూస్తూ కూర్చున్నాడు. నెల తిరక్కుండానే చనిపోయాడు.

తర్వాతి బల్లకు ముప్పై ఒక్క పేర్లు. ముప్పై ఒక్క ముక్కలు కోశాను. అందరూ తీసుకున్నారు. అయినా పళ్లెంలో ఒకటి మిగిలింది. లెక్క తప్పాననుకుని తిన్నాను. పై నెల మా ఇంటామె చేత రెండుసార్లు లెక్కపెట్టించాను. మళ్లీ ఒకటి మిగిలింది. మూడో నెలా అంతే. నోట్లో మట్టి నమిలినట్టుంది, గొంతు దిగలేదు.

“ఎవురి వంతు తింటాండావో నీకు తెలుసు,” అంది ఆమె.

నాలుగో నెల బల్లకు ముందు శనివారం, మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా తట్టింది. ఆ చివరి విందులో, తనను శత్రువులకు అప్పగించబోయే శిష్యుడికి కూడా ప్రభువు తన చేత్తోనే రొట్టె ముక్క ముంచి ఇచ్చాడు. వాడి మనసులో ఏముందో తెలిసే ఇచ్చాడు. ముసలాయన మనసులో ఏముందో నాకేం తెలుసని ఆపాను?

పేర్ల పట్టీలో చివర ముసలాయన పేరు రాశాను. ఆయన ముక్కా కోశాను.

ఆదివారం ఎండ మండుతోంది, ఆకు కదలడం లేదు. పళ్లెం తలుపు దాకా పోయి తిరిగి నా చేతికి వచ్చింది. మనుషులు ముప్పై ఒక్కమందే. కోసినవి ముప్పై రెండు. పళ్లెం ఖాళీ.

ఎవరు తీసుకున్నారని అడగలేదు. తలుపు వైపు మాత్రం చూశాను. అక్కడ కూర్చున్నవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పక్కకు జరిగి ఉన్నారు.