పద్నాలుగో వరుసలో తప్పు

ఆ రోజుల్లో నాకున్న జ్ఞానమంతా ఒక్క ఫైల్లో పట్టేది. తిరుపతిలో నలుగురు పనిచేసే చిన్న కంపెనీలో చేరి రెండు నెలలైంది. వడమాలపేటలో ఒక కల్యాణ మండపం వాకిట్లో పెట్టిన పెద్ద తెర సరిగ్గా నడిస్తేనే నా ఉద్యోగం ఖాయమన్నారు. తెర మీద ఏం కనబడాలో చెప్పేది కాన్ఫిగరేషన్ ఫైలు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ‘పెళ్లికూతురు’ అని ఎడమ అంచున రాసి, ఆ ఇంటివాళ్ల పేర్లు దాని కింద రెండు ఖాళీలు లోపలికి జరిపి రాయాలి. ఎవరు ఎవరి తాలూకో ప్రోగ్రాముకు ఆ ఖాళీలే చెబుతాయి. (ఫైల్లో తప్పు దొర్లితే అది ఎన్నో వరుసలో ఉందో తెర మీదే తెలుగులో చూపించే ఏర్పాటు కూడా నేనే చేశాను. అందుకు నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.)

పెళ్లి రోజు పొద్దున పెళ్లికూతురి తాత వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, కంప్యూటర్లో ఆ ఫైలు చూశాడు. శుభలేఖలో పేర్ల వరుస గురించి నెల రోజులు పోట్లాడిన మనిషి. “ఏం పాపా, నా పేరు లోపలికి తోసినావే? అంచుకు తీసుకురా” అన్నాడు. “అది ఆడనే ఉండాల తాతా” అన్నాను. ఆయన ఒక చూపు చూశాడు. (పెద్దవాళ్లకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.) జరిపేశాను.

మేళతాళాలతో మగపెళ్లివాళ్లు వాకిట్లోకి రావడమూ, తెర మీద ఎర్రటి అక్షరాలతో ‘14వ వరుసలో తప్పు’ అని పడడమూ ఒకేసారి జరిగాయి. ఆ మాట టిఫిన్ల హాలుకు పాకింది. పద్నాలుగో వరుసలో కూర్చున్నవాళ్లు ఇడ్లీలు వదిలి లేచి నిలబడ్డారు. “సట్నీలో ఏందో పడిండాదంట” అని ఒకామె పక్క వరుసను కూడా లేపింది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. తాత దగ్గరికి పరిగెత్తి, “తాతా, అంచుకు వస్తే ఎవురింటికీ కానోళ్లని లెక్క. లోపల ఉంటేనే ఈ ఇంటి మనిషి” అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. “అంటే ఇంతసేపూ నన్ను బయట నిలబెట్టినావా? తొయ్ లోపలికి!”

తెర బాగుపడింది. సాయంత్రం మా మేనేజరు వచ్చి, నన్ను ఉంచుకోవాలో వద్దో తాతనే అడిగాడు. “పెట్టుకోప్పా. ఈ పాప తప్పు సేస్తే దాసిపెట్టదు, పెండ్లికొచ్చినోళ్లందరికీ సూపిస్తాది” అన్నాడు తాత. ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. తప్పు ఎవరి కంటా పడకుండా ఒక మూల నమోదు చేయించి, చప్పుడు లేకుండా సరిదిద్దించడం నేనూ నేర్చుకున్నాను. ఆనాటి ఆ పిల్ల ఇవాళ నా ముందుకు ఇంటర్వ్యూకు వస్తే నేను తీసుకోనేమో. అది తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది.