పెళ్లి సీడీలకు జడిసిన కాకులు

కన్నతండ్రి నోటికాడి కూడు లాక్కున్న కొడుకుల గురించి మీరు వినే ఉంటారు. తండ్రి పోయాక కూడా లాక్కున్నవాణ్ణి చూడలేదంటే, ఒకసారి నా వైపు చూడండి. డిగ్రీ కూడా ఉంది.

తప్పంతా ఒక ఉడుతది. మా నాలుగేళ్ల చిన్ని పొద్దున లేస్తే టీవీలో ఒక బొమ్మల ఉడుతను చూసేది. దానికి కోపం రాదు, గొంతు పెంచదు. "పారేయకండి పిల్లలూ, పనికొస్తుంది" అంటూ విరిగిన బకెట్లో మొక్క నాటేది, పాత సాక్సుతో కుందేలును కుట్టేది. మా ఇంట్లో అంత నెమ్మదిగా మాట్లాడే ప్రాణి అదొక్కటే. మంచానపడ్డ మా నాయిన కూడా మనవరాలి పక్కన పడుకుని దాన్నే చూసేవాడు.

ఒకనాడు ఉడుత పాత సీడీలు దారానికి గుచ్చి చేనులో కట్టింది. పిట్టలు పరార్. చిన్ని నా వైపు చూసింది. నాయినా చూశాడు.

"జొన్న కంకులన్నీ పిట్టలే తినవట్టె. నువ్వు గూడ కట్టరాదురా," అన్నాడు.

ఇంట్లో దొరికినవి మా పెళ్లి సీడీలే. వాటిని చూసే యంత్రం చెడిపోయి చాలాకాలమైంది కనుక మా ఆవిడను అడగలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ దండ నాకు అంతకన్నా ముద్దొచ్చింది. చేను గట్టున వేపకొమ్మకు కట్టాను. ఒక్క పిట్ట వాలితే ఒట్టు.

నెల తిరక్కుండానే నాయిన పోయాడు. కొరివి పెట్టింది ఆ గట్టు మీదే. మూడోనాడు అక్కడే పిట్టకు పెట్టాలి. పోయినాయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి దూరంగా నిలబడతాం. పిట్ట ముడితే ఆయన తృప్తిపడ్డట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. అంతవరకు ఇంటిల్లిపాదీ పస్తే.

కోడికూర పెట్టాం, కల్లు పోశాం, బీడీ కూడా ముట్టించాం. కాకులు వచ్చాయి. వచ్చి దూరంగా కరెంటు తీగ మీద బారుగా కూర్చున్నాయి, దావత్‌కు పిలిచి వడ్డించని చుట్టాల్లాగా.

"అన్న మనసుల ఏదో ఉన్నది," అన్నాడు చిన్నాయిన. "అడుగుండ్రి."

"పండుగకు రాలేదని అలిగినవా నాయినా?" అక్క బోరుమంది.

నేను సిగరెట్లు మానేస్తానన్నాను. కాకులకు నమ్మకం కుదరలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ ముందుకొచ్చి, "దవాఖానల నీళ్లడిగిండు. డాక్టరు వద్దన్నడని నేనియ్యలే. గా కోపంతోనే పోయిండు," అంది. గిన్నెలో నీళ్లు పోసి విస్తరి పక్కన పెట్టి, "తాగయ్యా," అని బతిమాలింది. కాకులు కదల్లేదు. అమ్మ మట్టిలో కూలబడింది. ఎంత వెతికినా ఆ క్షణాన నాకు ఒక్క జోకూ దొరకలేదు.

చిన్ని నా చెయ్యి లాగింది. "డాడీ, పిట్టలెట్ల వస్తయి? నువ్వే రావద్దని కట్టినవు గద!"

అందరూ తలెత్తారు. వేపకొమ్మకు మా పెళ్లి ధగధగా మెరుస్తోంది. చుట్టుపక్కల ప్రతి చేనులోనూ ఏదో ఒకటి మెరుస్తూనే ఉంటుంది గనుక పొద్దుటినుంచీ ఎవరూ పట్టించుకోలేదు.

"గింత సదివి గిదారా నువ్వు జేసింది!" అన్నాడు చిన్నాయిన.

"అవి మన పెళ్లి సీడీలే గద?" అంది మా ఆవిడ.

"గా ముచ్చట ఇంటికాడ," అన్నాను చెట్టెక్కుతూ.

దండ దింపానో లేదో ఒక కాకి వాలింది. కోడికూర దాటింది, కల్లు దాటింది, గిన్నెలో ముక్కు పెట్టి నీళ్లు తాగింది. ఎండకు దానికి దాహమేసి ఉంటుందని నాకు తెలుసు. నోరెత్తలేదు. నా జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

"తాగిండు," అంది అమ్మ.

నేను కసికొద్దీ దండను ముళ్లకంచెలోకి విసరబోతే ఆపింది కూడా అమ్మే. "పారెయ్యకురా, పనికొస్తది."

కనుక వేపచెట్టు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. బకెట్లో మొక్కలు నాటుతాను, సాక్సులతో కుందేళ్లు కుడతాను. పిట్టలను బెదిరించే పని మాత్రం ఈ జన్మలో చేయను. ఎంత కాదన్నా, రేపు నా విస్తరికి రావలసినవీ ఆ కాకులే. అవి మొహాలు మర్చిపోవని కూడా ఆ ఉడుతే చెప్పింది.